ఆవిర్లొస్తున్నాయని మాత్ర మానేయకండి

రొమ్ము క్యాన్సరుకి ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాక చివర్లో ఒక చిన్న మాత్ర రాసి పంపుతారు. టామోక్సిఫెన్ కావచ్చు, లెట్రోజోల్ కావచ్చు, అనాస్ట్రోజోల్ కావచ్చు. ఐదేళ్ళు వాడమంటారు, కొందరికి ఇంకా ఎక్కువే. ఆసుపత్రిలో రెండు ముక్కల్లో చెప్పి పంపేసేది ఈ మాత్ర గురించే. ఇంటికొచ్చాక ఏళ్ళ తరబడి మనతో కాపురం చేసేదీ ఇదే.

నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఈ జబ్బు నాకూ వచ్చింది. లెట్రోజోల్ నేనూ వేసుకుంటున్నాను. అరసవల్లి రోడ్డులో మా ఇంటి అరుగు మీద కూర్చుని చీటీలు చూపించుకెళ్ళే ఆడవాళ్ళు మొదట అడిగేది క్యాన్సర్ గురించి కాదు. "ఏటి సిస్టరమ్మా ఇది, సంకురాత్రి సలిలోన కూడా దుప్పటి తన్నేస్తన్నాను" అంటారు. ఇలా ఉన్నట్టుండి ఒళ్ళు ఉడికెత్తి చెమట పోయడాన్నే ఆవిర్లు అంటాం. రెండో మాట ఇంకా మెల్లిగా వస్తుంది: "అందుకే రోజిడిసి రోజు ఏసుకుంటన్నాను."

ఆ రెండో మాట కోసమే ఇది రాస్తున్నాను. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగిలి పెరిగే రకం క్యాన్సరుకి ఐదేళ్ళు టామోక్సిఫెన్ వాడితే, పదిహేనేళ్ళలో ఆ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుందని వేలమంది రోగుల లెక్కలు కలిపి 2011లో తేల్చారు. ఆ లెక్క రోజూ వేసుకోమని ఇచ్చినవాళ్ళది, రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్ళది కాదు. మాత్ర మానక్కర్లేదు. దానివల్ల వచ్చే బాధల్లో చాలావాటికి పరీక్షించి చూసిన వైద్యం విడిగా ఉంది. అది అడిగి రాయించుకోవాలి, అంతే. కింద డోసులు రాస్తున్నది దుకాణంలో మీరే కొనుక్కోడానికి కాదు, డాక్టరు చీటీలో ఏం రాశారో మీకు తెలియడానికి.

ముందు ఫైలు తెరవండి

ఐహెచ్‌సీ అని ఒక రిపోర్టు ఉంటుంది. గడ్డ ఏ రకమో చెప్పేది అదే. అందులో ఈఆర్, పీఆర్ (ఆడ హార్మోన్లు గడ్డకి తగులుతాయా అని చూసేవి), హెర్2 అని మూడు వరసలు చూడండి. ఈఆర్ గానీ పీఆర్ గానీ పాజిటివ్ అయితే మీకు ఈ మాత్ర పడుతుంది. మూడూ నెగటివ్ అయితే మాత్ర ఉండదు. కానీ కీమో దెబ్బకి అండాశయాలు ఆగిపోయి ఇవే ఆవిర్లు వాళ్ళకీ వస్తాయి. ఈ తేడా ఎందుకు తెలియాలంటే, మందులు కలపడంలో జాగ్రత్తలు మీరు వేసుకునే మాత్రని బట్టి మారిపోతాయి. ఫైలు విశాఖ కేజీహెచ్‌లోనో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఉన్నవాళ్ళు ఆ రిపోర్టు, డిశ్చార్జి కాగితం జెరాక్సు తీయించి ఇంట్లో పెట్టుకోండి. ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా అదే మీ నోరు.

మన దేశంలో నెలసరి ఆగే వయసు సగటున 46, 47. ఈ జబ్బు 38కో 40కో వచ్చిందనుకోండి, మెల్లిగా ఏళ్ళ మీద జరగవలసిన ముట్లుడగడం రెండు మూడు కీమోలతో నెత్తిన పడుతుంది. అందుకే మనది అమ్మలూ అత్తలూ పడినదానికంటే గట్టిగా ఉంటుంది. "మేం పడలేదేటి" అనే అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

వయసులో ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. కీమోతో నెలసరి ఆగితే పూర్తిగా ఆగినట్టు కాదు, మళ్ళీ రావచ్చు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటివి అండాశయాలు పనిచేస్తున్న మనిషిలో ఒంటరిగా పనిచేయవు. అందుకే 28 రోజులకోసారి గోసెరెలిన్ ఇంజెక్షనో, అలాంటిదో పొట్ట మీద వేసి అండాశయాలని నిద్రపుచ్చుతారు. ఆ ఇంజెక్షన్ తేదీ పెళ్ళికనో పండగకనో జరపకండి. లెట్రోజోల్ మీద ఉండగా ముట్టు కనబడితే ఆ వారంలోనే డాక్టరుకి చెప్పండి. టామోక్సిఫెన్ వాడుతూ గర్భం వస్తే బిడ్డకి చేటు. హార్మోన్ లేని కాపర్-టీ, నిరోధ్ వాడాలి, మాలా-డీ లాంటి మాత్రలు పనికిరావు.

ఆవిరి ఎందుకొస్తుందో కూడా కాస్త వినండి. మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోటు ఒకటుంది. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి అక్కడి నరాల కణాలు రేగిపోతాయి. ఒంటి వేడి పిసరంత పెరిగినా ఏదో కొంప మునిగినట్టు చర్మంలోకి రక్తాన్ని తోసి, చెమట పట్టించి, గుండె దడదడలాడించేస్తాయి. కాసేపటికి చలి వేస్తుంది. ఇది మీ మనసు బలహీనత కాదు. "ఊరికే గాభరా పడతావు" అనే మొగుడికీ ఇది చెప్పవచ్చు.

అయితే రాత్రి చెమటలన్నీ ఇవే అనుకోవద్దు. సాయంత్రం జ్వరం, వారాల తరబడి దగ్గు, బరువు తగ్గడం కూడా ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉడుకు, దడ వస్తాయి, టీఎస్‌హెచ్ ఒకసారి చూపించుకోండి. షుగరు మందులు వాడేవాళ్ళకి రాత్రి షుగరు పడిపోయినా చెమటలు పోస్తాయి.

వారం రోజులు లెక్క రాయండి

"బాగా ఉడుకుగా ఉంది డాక్టర్ గారూ" అంటే ఏ డాక్టరూ ఏమీ రాయరు. విశాఖ దాకా రైలెక్కి వెళ్తే మాట్లాడటానికి దొరికేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలకి అంకె పట్టుకెళ్ళాలి.

పిల్లల పాత నోట్‌బుక్ చాలు. వారం రోజులు, ఆవిరి వచ్చినప్పుడల్లా ఒక అంకె వేయండి. చెమట లేకుండా వెచ్చగా వచ్చి పోతే 1. చెమట పట్టి చేతిలో పని సాగితే 2. పని ఆపి కూర్చోవలసి వస్తే 3. బట్టలు తడిసి మార్చుకోవలసి వస్తే, నిద్రలోంచి లేపి కూర్చోబెడితే 4. రాత్రివి పక్కన చుక్క పెట్టుకోండి. రాయడం రానివాళ్ళు పప్పు గింజలు డబ్బాలో వేసి రాత్రికి మనవరాలి చేత లెక్కపెట్టించుకోవచ్చు. మా ఇంటికొచ్చే సోంపేట ఆవిడ అలాగే చేస్తుంది, పగటివి కందిపప్పు, రాత్రివి పెసరపప్పు. రోజుకి అంకెలన్నీ కూడితే వచ్చేది మీ స్కోరు. పరిశోధనల్లో పెద్ద పెద్ద డాక్టర్లు లెక్కగట్టేదీ దాదాపు ఇలాగే: ఎన్నిసార్లు వచ్చింది, ఎంత గట్టిగా వచ్చింది, రెండూ గుణించి కూడతారు.

మందు మొదలుపెట్టిన నాలుగు వారాలకి మళ్ళీ ఒక వారం రాయండి. స్కోరు సగానికి పడిపోతే ఆ మందు మీకు పడినట్టే. ఏమీ కదలకపోతే మార్చమని అడగడానికి కాగితం మీ చేతిలో ఉంది.

డాక్టరు గదిలో మాట ఇలా ఉంటే సరిపోతుంది: "డాక్టరమ్మా, మాత్ర రోజూ ఏసుకుంటన్నాను. రోజుకి ఇన్నిసార్లు ఒల్లు ఉడికెత్తిపోతంది, రాత్రి ఇన్నిసార్లు లేస్తన్నాను. మాత్ర మానకండా దీనికేటైనా రాయండి." మగ డాక్టరైనా ఇదే మాట. నోట్‌బుక్ బల్ల మీద పెట్టండి. వేసుకుంటున్న మందులన్నీ, బీపీ, షుగరు, గ్యాస్ మాత్రలతో సహా, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళండి.

చీటీలో రాసే మందులు

అందరికంటే ముందు రాసేది ఎక్కువగా వెన్లాఫాక్సిన్. 37.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 75 చేస్తారు. 2000 సంవత్సరంలో అచ్చయిన ఒక పరీక్షలో 75 వేసుకున్నవాళ్ళకి ఆవిర్ల స్కోరు దాదాపు 61 శాతం తగ్గింది. మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి 27 శాతం తగ్గింది. డోసు 150 చేస్తే ఆవిర్ల విషయంలో ఇంకేమీ కలిసిరాలేదు. కాబట్టి "పెంచండి, పెంచండి" అని డాక్టరు మీద పడొద్దు. మొదటి వారం వికారం, నోరెండటం, మలబద్ధకం ఉంటాయి. అన్నం తిన్నాక వేసుకోవాలి, బీపీ చూపించుకుంటూ ఉండాలి.

ఈ మందుతో మన దగ్గర వచ్చే చిక్కు వేరు. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "ఇది మెంటల్ మందండీ, ఎవరికి?" అంటాడు. ఆవిడ అక్కడే ముడుచుకుపోయి కొనకుండా ఇంటికొచ్చేస్తుంది. ఇది దిగులు జబ్బుకి కూడా వాడే మందే, నిజం. దిగులుకి సాధారణంగా ఇంతకంటే పెద్ద డోసు కావాలి, వారాలు పడుతుంది. ఆవిర్లకి చిన్న డోసు, వారం రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది. ఆ కుర్రాడికి జవాబు చెప్పాల్సిన పని మీకు లేదు.

టామోక్సిఫెన్ వాడేవాళ్ళు ఇలాంటి దిగులు మందుల్లో కొన్నిటిని వాడకూడదు. టామోక్సిఫెన్ మన కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము చేత ఎండాక్సిఫెన్‌గా మారితేనే గట్టిగా పనిచేస్తుంది. పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్, బుప్రోపియాన్ ఆ ఎంజైమునే కట్టేస్తాయి. ఆవిర్లు తగ్గుతాయి, లోపల టామోక్సిఫెన్ బలం కూడా తగ్గుతుంది. ఎవరైనా రాస్తే "నేను టామోక్సిఫెన్ మీద ఉన్నాను, ఇది కలపవచ్చా" అని ఒక్క ప్రశ్న అడగండి. వెన్లాఫాక్సిన్‌తో ఆ గొడవ లేదు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవాళ్ళకి ఈ ఎంజైము సంగతే పట్టదు.

పగటికంటే రాత్రులే ఎక్కువ వేధిస్తుంటే గాబాపెంటిన్ బాగా పనికొస్తుంది, ఎందుకంటే అది కాస్త నిద్ర కూడా తెస్తుంది. 2005లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 420 మంది మీద పరీక్షిస్తే, రోజుకి 900 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళకి ఎనిమిది వారాల్లో స్కోరు 46 శాతం తగ్గింది, ఉత్తి మాత్రకి 15 శాతం. మొదలు రాత్రిపూట 300తో పెడతారు. తల తిరుగుతుంది, మత్తుగా ఉంటుంది. రాత్రి లేచినప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని అప్పుడు నిలబడండి. ఎముకలు పలచబడ్డవాళ్ళు పడితే తుంటి పోతుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఆడవాళ్ళకి ఇక్కడ గట్టిగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటునుంచి వచ్చినా నేను ముందు అడిగేది క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత అని. గాబాపెంటిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి అందరికీ ఇచ్చే డోసు ఇస్తే ఒంట్లో పేరుకుపోయి రోజంతా మగతగా పడేస్తుంది. వెన్లాఫాక్సిన్ డోసు కూడా తగ్గించాలి. క్యాన్సర్ డాక్టరు విశాఖలో ఉంటారు, కిడ్నీ కాగితాలు పలాసలో ఉంటాయి. రెండూ కలిపి చూపించే పూచీ మీదే, మరెవరూ కలపరు.

ఆక్సీబ్యూటినిన్ అని మూత్రం ఆపుకోలేనివాళ్ళకి ఇచ్చే మాత్ర కూడా ఆవిర్లని తగ్గిస్తుందని 2020లో అచ్చయిన పరీక్షలో తేలింది. రోజుకి రెండుసార్లు 2.5 గానీ 5 గానీ మిల్లీగ్రాములు. నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. పెద్ద వయసువాళ్ళకి మతిమరుపు పెంచవచ్చు, 65 దాటితే వేరే దారి చూడమనండి. క్లోనిడిన్ పాతకాలం మందు, బీపీ పడేస్తుంది, ఇప్పుడు దాన్ని పెద్దగా వాడటం లేదు. ఎలింజానెటాంట్ అనే కొత్త మందుని టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటివి వాడుతున్నవాళ్ళ మీదే పరీక్షించి ఆవిర్లు బాగా తగ్గాయని 2025లో అచ్చేశారు. మా అరుగు మీదికి వచ్చిన చీటీల్లో అది ఇంకా నాకు కనబడలేదు.

ఒకటి మాత్రం ఎవరు రాసినా వెనక్కివ్వండి. ముట్లుడిగినవాళ్ళకి ఇచ్చే ఈస్ట్రోజెన్ మాత్రలు, పట్టీలు, అలాగే హార్మోన్‌లా పనిచేసే టిబోలోన్ మాత్ర. ఆవిర్లకి వీటిని మించిన మందు లేదు, మిగతా ఆడవాళ్ళకి డాక్టరు చూసి ఇస్తే తప్పూ లేదు. మనకి పడవు. హాబిట్స్ అనే పరీక్షలో ఈ జబ్బు వచ్చిపోయినవాళ్ళని రెండు జట్లు చేశారు. హార్మోన్ తీసుకున్న 221 మందిలో 39 మందికి జబ్బు తిరగబెట్టింది, తీసుకోని 221 మందిలో 17 మందికి. ముప్పు కనబడగానే 2003లోనే మందు ఆపించేశారు. టిబోలోన్ మీద చేసిన లిబరేట్ పరీక్ష 2009లో అచ్చయింది. అందులో తిరగబెట్టింది 15.2 శాతానికి, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 10.7 శాతానికి. ఆవిర్లని చెప్పి కొత్త గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తే కుర్చీలో కూర్చోగానే మొదటి మాటగా "నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది" అని చెప్పాలి. చీర కప్పుకుని కూర్చుంటే ఆవిడకి ఎలా తెలుస్తుంది?

వనమూలికలు, యోగా, ఫ్యాను

పైన ఉత్తి మాత్ర అంకెలు చూశారు కదా, 15 శాతం, 27 శాతం. మందే లేని మాత్రకే అంత తగ్గింది. పక్కింటావిడ శతావరి పొడి వేసుకుని "బాగా తగ్గింది" అంటే అబద్ధం చెబుతోందని కాదు. అంత తగ్గడానికి శతావరే అక్కర్లేదు. బ్లాక్ కోహోష్, ప్రిమ్‌రోజ్ నూనె గొట్టాలు, విటమిన్ ఇ, సోయా ఐసోఫ్లేవోన్ క్యాప్సూల్స్, వీటిని ఆవిర్లకి వాడొద్దని అమెరికాలోని మెనోపాజ్ సొసైటీ 2023లో తేల్చి చెప్పింది. శతావరి, ఐసోఫ్లేవోన్లలో ఈస్ట్రోజెన్‌ని పోలిన పదార్థాలు కూడా ఉంటాయి, కాబట్టి డబ్బు దండగ ఒక్కటే కాదు. కూరలో మీల్‌మేకర్, మజ్జిగలో మెంతులు మామూలు తిండి, వాటికి భయపడక్కర్లేదు.

యోగా, నడక, గాలి తగలడం ఒంటికీ నిద్రకీ మంచివే. ఆవిర్ల లెక్క మాత్రం వాటివల్ల తగ్గినట్టు గట్టి రుజువు లేదు. చెప్పులు అరిగేలా నడిచినా ఆవిర్లు తగ్గలేదని కుంగిపోవద్దనే ఇది చెబుతున్నాను. లావుగా ఉన్నవాళ్ళు బరువు తగ్గితే కొంత మేలు కనబడింది. చన్నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకోవడం, వంట పొద్దున్నే ముగించుకోవడం, కిటికీ వైపు మంచం జరుపుకోవడం, ఇవి సుఖం కోసం చేసుకోండి, వైద్యం అనుకోకండి. రాత్రికి నైలాన్ నైటీలు తీసేసి నూలు బట్ట కట్టుకోండి. పొందూరు ఖద్దరు అయితే మహారాణీలా ఉంటుంది గానీ దాని ధరకి నిద్ర ఎగిరిపోతుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నేతచీర చాలు.

మందు లేని దారుల్లో రుజువున్నది ఒకటుంది, సీబీటీ అంటారు. ఆవిరి వచ్చినప్పుడు మనసులో పరుగెత్తే ఆలోచనని పట్టుకుని మార్చే సాధన. లండన్‌లో రొమ్ము క్యాన్సర్ వైద్యం అయిన 96 మంది మీద చేసిన పరీక్ష 2012లో అచ్చయింది. వారానికి గంటన్నర చొప్పున ఆరు వారాలు గుంపుగా కూర్చోబెట్టి నేర్పారు. ఆవిర్ల సంఖ్య పెద్దగా మారలేదు, అవి పెట్టే బాధ బాగా తగ్గింది, నిద్ర మెరుగైంది. శ్రీకాకుళంలో దీన్ని తెలుగులో నేర్పే మనిషిని వెతుక్కోవడం కష్టమే, అందుకని మొదటి మెట్టు రాస్తున్నాను. ఆవిరి మొదలవగానే మీ నోట్లో వచ్చే మాట గమనించండి. "అయ్యో మళ్ళీ వచ్చింది, అందరూ చూస్తున్నారు, ఎప్పటికి పోతుందో." ఆ మాటతో గుండె దడ ఇంకా పెరుగుతుంది. దాని బదులు "వచ్చింది, కొద్ది నిమిషాల్లో పోతుంది, ఎవరికీ కనబడటం లేదు" అని లోపల అనుకుంటూ, భుజాలు వదులు చేసి, పొట్ట నిండా మెల్లిగా ఊపిరి తీసి వదలండి. పరుగెత్తి బయటికి పోకండి, ఉన్నచోటే ఉండండి. మొదట నవ్వొస్తుంది. రోజూ చేస్తే అలవాటు పడుతుంది. దిగులు, ఏడుపు కూడా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

నిద్ర కోసం: రాత్రి ఎంత పాడైనా పొద్దున్న ఒకే వేళకి లేవండి. పగలు పడుకోవద్దు. మంచం మీద అరగంట దొర్లినా నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చుని, కునుకు వచ్చాకే మంచం ఎక్కండి. సాయంత్రం టీ మానండి. నిద్రమాత్రలు ఏళ్ళ తరబడి వాడటానికి నేను ఒప్పుకోను.

కీళ్ళ నొప్పులు, ఎముకలు

ఇది లెట్రోజోల్ వాళ్ళ గోల, నా గోల కూడా. పొద్దున్న లేస్తే వేళ్ళు ముడుచుకోవు, పాలప్యాకెట్టు చించలేం, మెట్లు దిగడం నరకం. మంచం మీద ఉండిపోతే ఇంకా బిగుసుకుంటాయి. 2015లో అచ్చయిన హోప్ పరీక్షలో, ఇలా నొప్పులున్న 121 మందిలో సగంమందికి వారానికి 150 నిమిషాలు చురుకైన నడక, రెండు రోజులు బరువులతో కసరత్తు ఏడాదిపాటు చేయించారు. వాళ్ళకి తీవ్రమైన నొప్పి 29 శాతం తగ్గింది, మిగతా సగంమందికి ఏమీ తగ్గలేదు. బరువులంటే జిమ్ము కాదు. నీళ్ళు నింపిన లీటరు సీసాలు రెండు చేతులా పట్టుకుని పైకెత్తి దించడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. ఆపరేషన్ వైపు చెయ్యి మెల్లిగా అలవాటు చేయాలి. వాపొస్తే ఆపి చూపించుకోండి.

దాంతో చాలకపోతే డులోక్సెటిన్ మాత్రకి రుజువుంది, 2018లో అచ్చయింది. టామోక్సిఫెన్ వాడేవాళ్ళకి అది కూడా ఆ ఎంజైముకి అడ్డే, లెట్రోజోల్ వాళ్ళకి ఫరవాలేదు. ఒక మాత్ర పడకపోతే డాక్టరు కొన్ని వారాలు ఆపి ఇంకో రకానికి మారుస్తారు, లెట్రోజోల్ నుంచి ఎక్సెమెస్టేన్‌కో, అవసరమైతే టామోక్సిఫెన్‌కో. చాలామందికి ఆ మార్పు కలిసొస్తుంది. మానేయడం వేరు, మార్పించుకోవడం వేరు. నొప్పి మాత్రలు రోజూ మింగే అలవాటు మాత్రం, ముఖ్యంగా ఉద్దానంలో, చంపేస్తుంది. కిడ్నీలు మొదట పాడయ్యేది డైక్లోఫెనాక్ లాంటి వాటితోనే కాకపోవచ్చు, పాడైనవాటిని ముంచేది అవే.

ఎముకలకి మాత్ర మొదలుపెట్టేటప్పుడు ఒక డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసేది), తర్వాత డాక్టరు చెప్పిన గడువుకి మళ్ళీ ఒకటి. తిండిలోనూ మాత్రలోనూ కలిపి రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. వంద గ్రాముల చోడిపిండిలో (రాగిపిండి) సుమారు 350 ఉంటుంది. చోడి అంబలి తాగే ఊరిలో పుట్టి డబ్బా పౌడర్లు కొనడం ఎందుకో నాకు అర్థం కాదు. విటమిన్ డి చూపించుకోండి. ముట్లుడిగినవాళ్ళకి ఆరు నెలలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్ పెట్టవచ్చు. దానిముందు పళ్ళు చూపించుకోవాలి, క్రియాటినిన్ చూడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు కాల్షియం మాత్ర కూడా అడగకుండా వేసుకోవద్దు.

అడగలేని బాధ

అరుగు మీద అందరూ లేచి వెళ్ళాక ఒకరు చెప్పుల దగ్గర ఆగిపోయి అడిగేది ఇదే. కింద పొడిబారిపోయి మంట, మూత్రానికి పోయినా మంట, మొగుడు దగ్గరికొస్తే ఏడుపు. దీనికీ వైద్యం ఉంది. ఆవిర్లు కాలంతో తగ్గవచ్చు, ఇది మాత్రం దానంతట అది తగ్గదు, పెరుగుతుంది. కాబట్టి ఓర్చుకోవడంలో లాభం లేదు.

రెండు రకాల వస్తువులున్నాయి. ఒకటి వెజైనల్ మాయిశ్చరైజర్, హైలురోనిక్ యాసిడ్ ఉన్నదో, పాలీకార్బోఫిల్ ఉన్నదో. కలయిక ఉన్నా లేకపోయినా వారానికి రెండు మూడు రాత్రులు పెట్టుకోవాలి, ముఖానికి క్రీము రాసినట్టే. రెండోది లూబ్రికెంట్ జెల్, ఆ సమయానికి మాత్రమే. ఒకదాని బదులు ఇంకొకటి సరిపోదు. నీళ్ళ ఆధారంగా చేసినది, వాసనలూ రంగులూ లేనిది అడగండి. కొబ్బరినూనె మన తోటలదే కదా అని వాడేవాళ్ళున్నారు. మంట పుట్టకపోతే వాడుకోండి గానీ నిరోధ్‌తో వద్దు, నూనె దాన్ని చింపేస్తుంది. సబ్బు, డెట్టాలు ఆ దరిదాపులకి పోనివ్వకండి.

ద్వారం దగ్గరే నొప్పి అయితే 4 శాతం లిడోకేయిన్ ద్రావణం దూదికి అద్ది కలయికకి ముందు మూడు నిమిషాలు అక్కడ ఆనించి ఉంచితే నొప్పి బాగా తగ్గిందని 2015లో పరీక్షించి చూపారు. అది డాక్టరు రాయాలి. ఇవేవీ పనిచేయకపోతే చాలా తక్కువ డోసు ఈస్ట్రోజెన్ క్రీము లోపల రాసుకునే మాట వస్తుంది. అది గైనకాలజిస్టు ఒక్కరే తీసుకునే నిర్ణయం కాదు, క్యాన్సర్ డాక్టరు ఊ అనాలి. ముఖ్యంగా లెట్రోజోల్ వాళ్ళు. డెన్మార్కులో 2022లో వచ్చిన లెక్కల్లో అలాంటి మాత్రలతోపాటు ఈ క్రీము వాడినవాళ్ళకి జబ్బు తిరగబెట్టడం కొంచెం ఎక్కువ కనబడింది, చావులు మాత్రం ఎక్కువ కాలేదు.

మగ డాక్టరు ముందు నోరు రాకపోతే "కింద పొడిబారి మంటగా ఉంది, మాయిశ్చరైజర్ రాయండి" అని కాగితం మీద రాసి ఫైలులో పెట్టి ఇచ్చేయండి. చదివి రాస్తారు.

ఆగకుండా వెళ్ళవలసినవి

టామోక్సిఫెన్ వాడేవాళ్ళకి ముట్లుడిగాక చుక్క రక్తం కనబడినా గర్భసంచి చూపించుకోవాలి. ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పెడితే, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వస్తే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి, తెల్లవారేదాకా చూడకుండా. చూపు మసకైనా చెప్పండి. పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉంటే టామోక్సిఫెన్ వాడుతున్న సంగతి ముందే చెప్పాలి.

ఇక మందుల నిల్వ. టామోక్సిఫెన్, లెట్రోజోల్ జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకి దొరుకుతాయి, లేకపోతే తెప్పించమని ముందే చెప్పి పెట్టుకోండి. వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ హఠాత్తుగా ఆపకూడదు. తల తిరగడం, చిరాకు, నిద్రలేమితో రెండు రోజుల్లో మనిషిని తిప్పేస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లిగా తగ్గించుకుంటూ రావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన తీరం మండలాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, దుకాణాలు తెరవలేదు, దారుల నిండా కొబ్బరిచెట్లు. అందుకని సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రెండు వారాల మాత్రలు ఎక్కువే తెచ్చి, మూత గట్టి డబ్బాలో, చీటీ జెరాక్సుతో కలిపి పెట్టుకోండి.